చేపలకంటే ముందు నీళ్ళు

అమానతు అనే మాట వినగానే మనకు డబ్బో, నగలో, ఇంటి కాగితాలో గుర్తుకు వస్తాయి. నమ్మి అప్పగించినదాన్ని చెక్కుచెదరకుండా తిరిగి ఇవ్వడమే ఆ మాటకు అర్థం. అయితే అప్పగించినది ప్రాణమున్నదైతే దాన్ని బీరువాలో పెట్టి తాళం వేయలేము. అది తినాలి, ఊపిరి పీల్చాలి, విసర్జించాలి. దాన్ని క్షేమంగా కాపాడాలంటే అది బ్రతికే చోటును ముందుగా సిద్ధం చేయాలి. గత వేసవిలో మా కుటుంబానికి అటువంటి అమానతు ఒకటి వచ్చింది. అవి తొమ్మిది చేపలు.

మేము ఆదోనిలో ఉంటాము. మా ఆపా కుటుంబం ఎమ్మిగనూరులో ఉండేది. 1938లో మాచాని సోమప్పగారు నెలకొల్పిన చేనేత సహకార సంఘంతో పేరు తెచ్చుకున్న ఊరది. దుల్హాభాయి చిన్ననాటి నుండీ మగ్గం మీదే పెరిగారు. కాని మగ్గం ఇల్లు గడపలేని రోజులు వచ్చాయి. మా పశ్చిమ కర్నూలు పల్లెల్లో సుగ్గికని పిల్లాపాపలతో వలస పోవడం కొత్త సంగతి కాదు. ఆ వలస పట్నంలోని నేతగాని గడప కూడా తొక్కింది. ఆయన బెంగళూరులో పని కుదుర్చుకున్నారు. బడి సెలవులు ఇచ్చాక మే నెల రెండో వారంలో ఇల్లు ఖాళీ చేయాలని నిశ్చయించారు.

ఆపా కొడుకు అప్పుడు ఏడవ తరగతి. మూడేళ్ళుగా వాడు ఒక చిన్న గాజు తొట్టెలో చేపలు పెంచుతున్నాడు. నాలుగు గప్పీలు, రెండు నల్ల మోలీలు, మూడు జీబ్రా చేపలు. బెంగళూరులో వారు చేరబోయేది ఒకే ఒక గది. అందులో తొట్టెకు చోటు లేదు. రంజాన్ పండుగకు వచ్చినప్పుడు వాడు మా ముందు నిలబడి, "మామూ, మీరు ఉంచుకుంటారా? నేను పెద్ద ఇల్లు దొరికాక తీసుకుంటాను" అని అడిగాడు. ఇవ్వడం అని వాడు అనలేదు. ఉంచుకోవడం అన్నాడు. మేము సరేనన్నాము.

వాడి తొట్టె మూల పగిలి, జిగురుతో అతికించి ఉంది. బస్సు ప్రయాణానికి అది ఆగదు. అందుచేత రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గల కొత్త తొట్టె కొన్నాము. దాదాపు యాభై లీటర్ల నీరు పడుతుంది. అమ్మిన దుకాణదారుడు, "ఈ రోజు నీళ్ళు పోయండి, రేపు చేపలు వేయండి" అని సలహా చెప్పాడు. ఆ సలహా ఎంతో మంది విన్నదే. వారం తిరగకుండా చేపలు ఒక్కొక్కటిగా తేలిపోవడం కూడా ఎంతో మంది చూసినదే. అప్పుడు పెద్దలు దిష్టి అంటారు, పిల్లలు ఏడుస్తారు, తొట్టె అటక ఎక్కుతుంది. కారణం మాత్రం దిష్టి కాదు, నీళ్ళు. తేటగా కనిపించినంత మాత్రాన నీళ్ళు చేపలకు సిద్ధంగా ఉన్నట్లు కాదు.

చేప తన శరీరంలోని వ్యర్థాన్ని ముఖ్యంగా మొప్పల ద్వారా అమోనియా రూపంలో వదులుతుంది. తినకుండా మిగిలిన మేత కుళ్ళినా అమోనియాయే వెలువడుతుంది. నదిలో, చెరువులో అయితే అది పలుచబడిపోతుంది. గాజు తొట్టెలో పోవడానికి దారి లేదు. అది చేప మొప్పలను కాలుస్తుంది. దీనికి విరుగుడు కంటికి కనిపించని సూక్ష్మజీవుల దగ్గర ఉంది. ఒక జాతి అమోనియాను తిని నైట్రైట్‌గా మారుస్తుంది. మరో జాతి ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. మధ్యలో వచ్చే నైట్రైట్ కూడా విషమే. అది నెత్తురులో చేరితే నెత్తురు ఎరుపు కోల్పోయి గోధుమ రంగుకు తిరుగుతుంది, ప్రాణవాయువును మోయలేకపోతుంది. నీటిలో గాలి ఉన్నా చేప పైకి వచ్చి నోరు తెరుస్తుంది. చివరన మిగిలే నైట్రేట్ మితంగా ఉన్నంతవరకు చేపలకు పెద్దగా హాని చేయదు. మొక్కలు దాన్ని ఆహారంగా తీసుకుంటాయి. మిగిలినదాన్ని మనం నీళ్ళు మార్చి తీసివేస్తాము.

ఈ సూక్ష్మజీవులు కొత్త తొట్టెలో దాదాపుగా ఉండవు. అవి పెరిగేది నీటిలో తేలుతూ కాదు, ఫిల్టరు స్పాంజిని, గులకరాళ్ళను అంటుకొని. పెరుగుదల చాలా నిదానం. కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు నిమిషాల లెక్కన రెట్టింపయితే ఇవి గంటల లెక్కన, ఒక్కోసారి రోజు లెక్కన రెట్టింపవుతాయి. ఏ సాయమూ లేకుండా ఈ రెండు జాతులూ నిలదొక్కుకోవడానికి నాలుగు నుండి ఆరు వారాలు, అప్పుడప్పుడు అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. ఆ వారాలన్నీ తొట్టెలో చేప లేకుండానే, చేప ఉన్నట్లుగా ఆహారం వేస్తూ గడపాలి.

ఈ జ్ఞానం వెనుక ఒక తండ్రీ కొడుకుల కథ ఉంది. ఇంగ్లండుకు చెందిన రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు గాజు తొట్టెలో చేపలను, నీటి మొక్కలను, నత్తలను కలిపి ఉంచి, అవి ఒకదానినొకటి ఎలా పోషించుకుంటాయో గమనించి 1850లో ప్రకటించాడు. అదే పేరు గల ఆయన కుమారుడు రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన క్షేత్రంలో పనిచేస్తూ, అమోనియా నైట్రేట్‌గా మారడం రెండు మెట్లలో, రెండు వేర్వేరు జీవుల వల్ల జరుగుతుందని తేల్చాడు. తండ్రి తొట్టెలోని రహస్యాన్ని కొడుకు పొలం మట్టిలో కనుగొన్నాడన్నమాట. ఆ జీవులను విడదీసి చూపించడం 1890లో విన్‌గ్రాడ్‌స్కీ అనే రష్యన్ శాస్త్రజ్ఞుడికి సాధ్యమైంది. అంతటితో కథ ముగియలేదు. అమోనియాను మార్చగల ఒక సరికొత్త జీవిని 2005లో అమెరికాలోని సియాటిల్ నగర మత్స్యప్రదర్శనశాల తొట్టె నుండే వేరు చేశారు. రెండు మెట్లనూ ఒక్కతే ఎక్కగల జీవి కూడా ఉన్నదని 2015లో తెలిసింది.

ఆదోని చుట్టూ పత్తి పండించే రైతులకు ఈ పని తెలియకుండానే జరిగిపోతున్నది. నల్లరేగడిలో చల్లిన యూరియా మొదట అమోనియాగా, తరువాత నైట్రేట్‌గా మారి పత్తి వేళ్ళకు అందడం ఇటువంటి జీవుల చలవే. పూర్వం పాత గోడల మట్టి నుండీ, పశువుల పాకల మట్టి నుండీ సూరేకారం తీసేవారు. అది కూడా ఇవి చేసిపెట్టినదే. 1786లో టిప్పు సుల్తాన్ ఆదోని కోటను ముట్టడించిన నాటి ఫిరంగి మందుకు కూడా సూరేకారమే ప్రాణం.

రంజాన్ పండుగ వెళ్ళిన వారానికి తొట్టెలో నీళ్ళు నింపాము. మా రెండు ఊళ్ళకూ తాగునీటికి ప్రధాన ఆధారం తుంగభద్ర దిగువ కాలువ. కాలువ పారే నెలల్లో వేసవి నిల్వ చెరువులు నింపుకొని, అది ఆగిన నెలల్లో వాటితో నెట్టుకొస్తాము. మా వీధికి కుళాయి నీరు రోజూ రాదు. కాబట్టి సగం కుళాయి నీరు, సగం ఇంటి బోరు నీరు కలిపాము. కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది. అది రోగక్రిములను చంపినట్లే మనకు కావలసిన సూక్ష్మజీవులను కూడా చంపుతుంది, చేపల మొప్పలకూ కీడు చేస్తుంది. అందుకని వెడల్పాటి టబ్బులో ఒక రోజంతా గాలి ఆడేలా ఉంచి వాడాము.

మా బోరు నీరు గట్టి నీరు. టీ కాచే గిన్నె అడుగున నెల తిరిగేసరికి తెల్లని పొర కడుతుంది. ఈ గట్టిదనం వల్ల ఒక మేలు, ఒక ప్రమాదం ఉన్నాయి. అమోనియాను మార్చే క్రమంలో నీటిలోని క్షారగుణం ఖర్చవుతుంది. గట్టి నీటిలో దాని నిల్వ ఎక్కువ కాబట్టి పని మధ్యలో ఆగదు. గప్పీలకు, మోలీలకు కూడా గట్టి నీరే హితవు. కాని క్షారగుణం ఎక్కువైన నీటిలో అమోనియా మరింత విషపూరితమవుతుంది. పీహెచ్ 7 ఉన్న నీటితో పోలిస్తే 8 ఉన్న నీటిలో విష రూపంలో ఉండే అమోనియా వంతు సుమారు పది రెట్లు. వేడి పెరిగితే ఇంకా పెరుగుతుంది. నలభై డిగ్రీలు దాటే మా వేసవిలో, ఇటువంటి నీటిలో, సిద్ధం కాని తొట్టెలో చేపలు వేయడం అంటే ఏమిటో పాఠకులు ఊహించగలరు.

అమోనియా కోసం ఏమి వేయాలనేది తరువాతి ప్రశ్న. రాగి గిన్నెలకు కళాయి పూసేవారు వాడే నవాసాగరం మన ఇళ్ళల్లో పెద్దలకు తెలుసు. వేడి గిన్నెపై చల్లగానే లేచే ఘాటైన తెల్లని పొగ మా అమ్మీకి ఇప్పటికీ జ్ఞాపకం. అది అమోనియా లవణమే. శుద్ధమైనది దొరికితే కొలిచి వేయవచ్చు. కళాయి పనికి అమ్మేదానిలో ఏ లోహాలు కలిశాయో తెలియదు కాబట్టి మేము దాని జోలికి పోలేదు. రోజూ చిటికెడు చేపల మేత వేసి కుళ్ళనిచ్చాము.

రెండవ రోజు ఎమ్మిగనూరు వెళ్ళి మేనల్లుడి ఫిల్టరు స్పాంజిలో సగం కోసి తెచ్చాము. పాలు తోడుకోవడానికి ఇరుగుపొరుగు నుండి చెంచాడు పెరుగు తెచ్చుకుంటాము కదా, ఇదీ అటువంటిదే. మూడేళ్ళుగా పనిచేస్తున్న సూక్ష్మజీవులు ఆ స్పాంజిలో ఉన్నాయి. దాన్ని వాడి తొట్టె నీటిలోనే తడిగా ఉంచి, ఎండ ఎక్కకముందు బస్సులో తెచ్చి, మా ఫిల్టరులో పెట్టాము. మిగిలిన సగం అక్కడి చేపల కోసం అక్కడే ఉంచాము.

పరీక్ష మందుల చుక్కలు తెప్పించి, రోజూ సాయంత్రం గాజు గొట్టంలో నీరు తీసి రంగు చూసేవాళ్ళము. రాతకోతల బాధ్యత మేనల్లుడిదే. మేము ఫోనులో చెప్పేవాళ్ళము, వాడు అక్కడ లెక్కల నోటుపుస్తకంలో వ్రాసుకునేవాడు. ఏడవ రోజుకు అమోనియా లీటరుకు రెండు మిల్లీగ్రాములు. తొమ్మిదవ రోజున నైట్రైట్ మొదటిసారి కనిపించింది. పద్నాలుగవ రోజుకు అమోనియా తగ్గుముఖం పట్టింది, నైట్రైట్ రంగు ఊదాగా చిక్కబడింది. ఇరవయ్యవ రోజున అమోనియా సున్నా. నైట్రైట్ మాత్రం అట్టమీది చివరి గడి రంగులోనే ఉంది. మొదటి జాతి స్థిరపడింది, రెండవ జాతి ఇంకా పుంజుకోలేదు.

సరిగ్గా ఆ రోజునే ఆపా ఫోను చేసింది. బెంగళూరులో పని వెంటనే మొదలుపెట్టాలని కబురు వచ్చిందట. మేలో అనుకున్న ప్రయాణం మరునాటి రాత్రికి మారింది. ఎమ్మిగనూరుకు రైలు లేదు, ఆదోనిలో ఎక్కాలి. చేపలను వెంట తెస్తామన్నారు.

మా ఇంట్లో ఆ రాత్రి రెండు అభిప్రాయాలు. అమ్మీ, "పిల్లవాడి కళ్ళముందు వేసేయండి. ఇల్లూ బడీ వదిలి పోతున్నాడు. చేపలైనా క్షేమంగా చేరాయని చూసి పోతాడు" అన్నది. ఆ మాటలో న్యాయం ఉంది. కాని ఆ నీళ్ళలో వేస్తే వాడు చూసేది రైలెక్కే దాకానే. ఆ తరువాతి వారం ఏమి జరిగేదో మా చేతిలోని గాజు గొట్టం చెబుతూనే ఉంది. అమానతుగా తీసుకున్నది వాడి ఆ ఒక్క సాయంత్రపు సంతోషాన్ని కాదు, ఆ ప్రాణాలను. ఎమ్మిగనూరులో ఆపా పక్కింట్లో ఒక వృద్ధ నేతగాడు ఉంటారు. మేనల్లుడు ఆయనను తాతా అని పిలుస్తాడు. తొట్టెను కదపకుండా పక్కింటి అరుగు గదిలోకి జరిపి, మిగిలిన సగం స్పాంజితో నడిపిస్తూ కొన్నాళ్ళు చూడమని ఆయనను అర్థించాము. ఆయన సంతోషంగా ఒప్పుకున్నారు.

మరునాడు సాయంత్రం వాళ్ళు మూటాముల్లెతో వచ్చారు. మేనల్లుడు చెప్పులు విడిచి నేరుగా తొట్టె దగ్గరికి వెళ్ళాడు. దీపం వెలుగుతున్నది, బుడగలు లేస్తున్నాయి, మొక్కలు కదులుతున్నాయి, చేప లేదు. వాడు ఎవరితోనూ మాట్లాడలేదు. మేము గాజు గొట్టంలో నీరు తీసి చుక్కలు వేసి వాడి చేతికి ఇచ్చాము. ఊదా రంగు కమ్ముకుంది. "ఇది ఎప్పుడు పోతుంది మామూ?" అని అడిగాడు. రోజు చెప్పలేమన్నాము. పోయిన రోజునే తెస్తామన్నాము. వాడు సంచిలో నుండి నోటుపుస్తకం తీసి ఆనాటి అంకె వ్రాసి, పుస్తకాన్ని తొట్టె పక్కన పెట్టి రైలుకు బయలుదేరాడు.

ఆ తరువాతి రోజులు మాకు దీర్ఘంగా అనిపించాయి. కరెంటు పోయిన మధ్యాహ్నాలలో గాలి పంపు ఆగిపోయేది. ఈ సూక్ష్మజీవులు పనిచేయాలంటే ప్రాణవాయువు కావాలి. అందుకని బ్యాటరీతో నడిచే చిన్న పంపు అమర్చాము. వేడినీటిలో గాలి తక్కువగా కరుగుతుంది కాబట్టి తొట్టె మూత తీసి ఫ్యాను గాలి తగిలేలా చేశాము. ఇరవై ఏడవ రోజున ఊదా పలుచబడింది. ముప్పయ్యవ రోజున నీలం మిగిలింది, అంటే నైట్రైట్ సున్నా. వెంటనే సంబరపడకుండా ఆ రోజు మేత రెట్టింపు వేసి మరునాడూ, ఆ మరునాడూ చూశాము. రెండూ సున్నాలే. నైట్రేట్ మాత్రం బాగా పెరిగింది. మూడు వంతుల నీరు తీసి కొత్త నీరు పోశాము. తీసిన నీటిని పారబోయలేదు. నీటికి ఇంతగా కటకటలాడే ఊళ్ళో ఆ పని చేయడానికి మనసొప్పదు. నైట్రేట్ ఉన్న నీరు మొక్కలకు ఎరువు. మా పెరటి కరివేపాకూ, పుదీనా ఆ వేసవిలో పచ్చగా నిలిచాయి.

ముప్పై మూడవ రోజున ఫజ్ర్ నమాజు కాగానే బయలుదేరి, తాత గారింటి నుండి తొమ్మిది చేపలనూ, మిగిలిన సగం స్పాంజినీ తెచ్చాము. సంచిని అరగంట తొట్టె నీటిపై తేలనిచ్చి, కొద్దికొద్దిగా నీరు కలిపి, నిదానంగా వదిలాము. మొదటి వారం మేత తక్కువ వేసి రోజూ పరీక్షించాము. మూడవ రోజున నైట్రైట్ లేతగా కనిపిస్తే పావు వంతు నీరు మార్చాము. తరువాత మళ్ళీ కనిపించలేదు.

కుటుంబ పాఠకులు గమనించవలసిన సంగతి మరొకటి ఉంది. నైట్రేట్ మనుషుల విషయంలోనూ ఉపేక్షించదగినది కాదు. పొలాల, మురుగుగుంటల పక్కన ఉన్న బావుల్లో, బోర్లలో అది చేరుతుంది. మన దేశ తాగునీటి ప్రమాణం లీటరుకు 45 మిల్లీగ్రాములకు మించరాదని చెబుతుంది. అంతకు మించిన నీటితో పాలపొడి కలిపి పట్టిస్తే నెలల పసికందు నెత్తురుకూ ఆ చేప నెత్తురుకు పట్టిన గతే పట్టవచ్చు. బిడ్డ ఒళ్ళు నీలంగా మారుతుంది. మరిగించినంత మాత్రాన నైట్రేట్ పోదు సరికదా, నీరు ఇంకి మరింత చిక్కబడుతుంది. పసిబిడ్డ ఉన్న ఇంట్లో బోరు నీరు వాడేవారు ఒకసారి పరీక్ష చేయించుకోవడం మంచిది.

మూడు నెలల తరువాత ఒక నల్ల మోలీ చనిపోయింది. మేనల్లుడికి ఆ సంగతి దాచలేదు. వాడు ఫోనులో కొంతసేపు మౌనంగా ఉండి, "నీళ్ళు చూశారా మామూ?" అన్నాడు. చూశాము, చదివి వినిపించాము. అమోనియా సున్నా, నైట్రైట్ సున్నా, నైట్రేట్ ఇరవై. "అయితే దాని వయసు అయిపోయి ఉంటుంది. అన్నింటికంటే ముందు కొన్నది అదే" అన్నాడు. మమ్మల్ని ఓదార్చినట్లుగా ఉంది ఆ మాట.

ఇప్పుడు గప్పీలు పిల్లలు పెట్టాయి. లెక్క తొమ్మిది దాటి చాలా కాలమైంది. బెంగళూరులో రెండు గదుల ఇల్లు చూస్తున్నామని ఈ మధ్య ఆపా చెప్పింది. మేనల్లుడు ఫోను లాక్కొని, ఇల్లు మారిన రోజే చేపలు కావాలని అడుగుతాడనుకున్నాము. వాడు అడిగింది స్పాంజి. సగం కోసి పంపమన్నాడు, ముందు నీళ్ళు సిద్ధం చేసుకుంటానన్నాడు. నోటుపుస్తకం కూడా అడిగాడు. రెండూ పంపుతాము, ఇన్షాఅల్లాహ్.